గోడ లోపలి చెట్టుకు సాక్షి ఎవరు?

హొసకోటె దారిలో ఆరెకరాల స్థలం. ఒకప్పుడది మామిడి తోపు. ఇప్పుడు చుట్టూ రేకులు కట్టేశారు. గేటు మీద రాబోయే అపార్టుమెంట్ల రంగుల బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ నిండా పచ్చని చెట్లే. లోపల నిజంగా ఉన్న చెట్లను కొట్టడానికి మాత్రం అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకున్నారు. పరిశీలనకు అధికారులు వస్తున్నారని వెనక కాలనీలో ఉండే సంఘ సభ్యురాలు ఒకామె ఫోన్ చేసి చెప్పింది. పొద్దున తొమ్మిదింటికి మేము నలుగురం వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాం.

"ఇది ప్రైవేటు జాగా, మీకిక్కడ ఏం పని?" అన్నాడు సూపర్‌వైజరు. నిజానికి అది మర్యాదైన ప్రశ్నే. మేము జవాబు వెతుక్కునేలోపు పరిశీలనకు వచ్చిన ఉద్యోగే, "చూస్తే చూడనీండి, దాచాల్సిందేముంది?" అన్నాడు. అలా లోపలికి వెళ్లాం.

అర్జీలో 46 చెట్లని రాసి ఉంది. మేము ఒక్కో చెట్టుకు సుద్దముక్కతో గీత పెడుతూ లెక్కపెడితే 63 వచ్చాయి. తేడా ఎందుకని అడిగితే, చిన్నవీ ఎండినవీ లెక్కలోకి రావన్నారు. కానీ వదిలేసిన పదిహేడింటిలో ఒక నేరేడు ఉంది. దాని మొదలును ఇద్దరం చేతులు కలిపి పట్టుకుంటే గాని చుట్టు అందలేదు. నాలుగు కానుగలున్నాయి. ఎండినవన్న వేపలు రెంటికీ మొదట్లో బెరడును జానెడు వెడల్పున చుట్టూ చెక్కేసి ఉంది. బెరడు చుట్టూ తెగితే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగదు, చెట్టు నిలబడే చచ్చిపోతుంది. అవి వాటంతట అవి ఎండలేదు. ఎవరో పనిగట్టుకుని ఎండబెట్టారు.

46 అనే అంకె ఊరికే వచ్చిందని మేము అనుకోవడం లేదు. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఉంది. సొంత భూమిలోని చెట్టయినా సరే, వృక్షాధికారి అనుమతి లేకుండా కొట్టకూడదు. ఆ అధికారి చెట్టును స్వయంగా చూసి, విచారించి, అనుమతించాలి లేదా కాదనాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. భవనాల వంటి అవసరాల కోసం 50 చెట్లకు మించి కొట్టాల్సి వస్తే ముందుగా ప్రజల అభ్యంతరాలు పిలవాలి. 46 దగ్గర ఆగిన లెక్కకు ఆ బాధ లేదు. ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఎవరి మాటా విననక్కర్లేదు.

మళ్లీ లెక్కపెట్టమని మేము అడిగాం. ఆ ఉద్యోగి విసుక్కోకుండా ఒప్పుకున్నాడు. సూపర్‌వైజరు కోపంతో మావైపు తిరిగి, "పాస్టరు గారూ, మీ చర్చి ముందు వేప చెట్టుండేది కదా, ఏమైంది?" అన్నాడు.

మేమేమీ మాట్లాడలేకపోయాం. రెండేళ్ల క్రితం మందిరం ముందు రేకుల పందిరి వేయడానికి ఆ వేపనూ, పక్కనున్న రెండు కానుగలనూ కొట్టించాం. అనుమతి అడగలేదు. అడగాలన్న ఆలోచనే మాలో ఎవరికీ రాలేదు. కమిటీలో పది నిమిషాలు మాట్లాడుకుని, ప్రార్థన చేసి, మరుసటి రోజు రంపం తెప్పించాం. దేవుని పని అనుకున్నాం గనుక మనుషుల చట్టం గుర్తుకు రాలేదు. బిల్డరు పని చట్టం దాటితే అన్యాయమని అరిచే మేము, మా పని చట్టం దాటితే దానికి పరిచర్య అని పేరు పెట్టుకున్నాం. ఆ తప్పు ఒప్పుకున్నాకే ఈ మాటలు రాయడానికి మాకు నోరు వచ్చింది.

ఇంతకీ "ప్రైవేటు జాగా" అన్న మాట సంగతి చూద్దాం. వీధి మీది చెట్టుకు సాక్షులుంటారు. 2016లో బెంగళూరులో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ వరకు ఉక్కు ఫ్లైఓవరు కడతామన్నప్పుడు 812 చెట్లు పోతాయని తెలిసి, ఆ అక్టోబరులో వేలమంది రోడ్డు పక్కన చేయి చేయి కలిపి నిలబడ్డారు. 2017 మార్చిలో ప్రభుత్వం ఆ పనిని విరమించుకుంది. ముంబయిలో 2019 అక్టోబరులో ఆరే కాలనీ చెట్లను రాత్రికి రాత్రి కొడుతుంటే యువకులు పరుగెత్తి వెళ్లారు, అరెస్టయ్యారు. సుప్రీంకోర్టు ఆపమనేలోపే రెండు వేలకు పైగా చెట్లు పోయాయి. అయినా దేశమంతా చూసింది. రేకుల గోడ వెనక పడిపోయే చెట్టును ఎవరూ చూడరు. ఒక రోజు బస్సులో వెళ్తూ, ఇక్కడేదో తోపుండాలే అనుకుంటాం, అంతే. నగరం అంచుల్లో పచ్చదనం ఎక్కువగా పోయేది ఇలా చప్పుడు లేకుండానే.

సొంత భూమి అంటే ఏమిటో లేఖనం మనకు వేరుగా నేర్పింది. లేవీయకాండము 25వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులతో భూమి తనదనీ, వారు తనయొద్ద కాపురమున్న పరదేశులనీ చెబుతాడు. ఈ మాట మనకు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది? మన తాతలు కోలారు గనులకూ, సోలాపూరు మగ్గాలకూ, ముంబయి కట్టడాలకూ, బరంపురానికీ పొట్ట చేత పట్టుకుని వచ్చారు. ఎవరి నేల మీదో, ఎవరి చెట్టు కిందో మొదటి ప్రార్థన కూటం పెట్టుకున్నారు. మనలో చాలా సంఘాల చరిత్ర పుస్తకంలో మొదటి పేజీ చింత చెట్టు కిందే మొదలవుతుంది. బబులోనుకు వెళ్లిన చెరవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలోనూ ఇళ్లు కట్టుకోమన్న మాట, తోటలు నాటమన్న మాట ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి. మీరున్న పట్టణ క్షేమాన్ని కోరమన్న మాట ఆ వెంటనే వస్తుంది. ఇల్లూ తోటా ఒకదానికొకటి శత్రువులని ఆ ఉత్తరం అనుకోలేదు.

ద్వితీయోపదేశకాండము 20లో ఇంకో సంగతి ఉంది. పట్టణాన్ని ముట్టడించిన సైన్యం కూడా పండ్ల చెట్ల మీద గొడ్డలి వేయకూడదు. తినే పండ్లు కాయని చెట్లయితే ముట్టడి పనులకు కొట్టుకోవచ్చు. దీన్ని సాధారణంగా చెట్ల మీద దయగా బోధిస్తాం. కానీ ఇందులో ఒక పని దాగి ఉంది. ఏది ఆహారమిచ్చే చెట్టో, ఏది కాదో తెలియాలంటే గొడ్డలి ఎత్తకముందు ఎవరో ఒకరు వెళ్లి ఒక్కో చెట్టునూ చూడాలి. యుద్ధం మధ్యలో, తొందరలో, శత్రువు నేల మీద కూడా చూడాలి. అంటే పరిశీలన లేకుండా ఆ ఆజ్ఞను పాటించడం కుదరదు.

ఇక లూకా 13లోని అంజూరపు చెట్టు. తోట యజమానిది, చెట్టూ ఆయనదే. మూడేళ్లు వచ్చి చూశాడు, కాయలేదు, కొట్టేయమన్నాడు. మాలి ఆయన హక్కును కాదనలేదు. ఈ ఒక్క ఏడాది ఆగమన్నాడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు, అప్పటికీ కాయకపోతే కొట్టేయమన్నాడు. ఈ ఉపమానంలో మన కొరకు విజ్ఞాపన చేసే ప్రభువును చూడటం మనకు అలవాటు. అది సరైనదే. దానితోపాటు అక్కడున్న మట్టిని కూడా చూద్దాం. మాలి అభ్యంతరం చెప్పి ఊరుకోలేదు. గడువు అడిగాడు, ఆ గడువులో తన చెమట తాను పెడతానన్నాడు. చెట్టు పక్షాన మాట్లాడేవాడు చేతికి మట్టి అంటించుకోవడానికి సిద్ధపడాలి. లేకపోతే అది ఇంకొకడి సొమ్ముతో చేసే నీతిబోధ అవుతుంది.

ఆ రోజు మహజరు కాగితాన్ని మేము దగ్గరగా చూశాం. చెట్టు రకం, చుట్టుకొలత, ఎత్తు, ఆరోగ్యం, కొట్టడానికి కారణం, అన్నిటికీ గడులున్నాయి. ఆ చెట్టు మీద ఆధారపడి ఎవరు బతుకుతున్నారన్న గడి లేదు. ఆ తోపు వెనక గోడకు ఆనుకుని దళిత కాలనీ ఉంది. ఇళ్లన్నీ రేకుల కప్పులే. మధ్యాహ్నం పూట ఆ కప్పుల కింద పసిబిడ్డను పడుకోబెట్టలేరు. గోడ దాటి ఇవతలికి వాలిన కొమ్మల నీడలోనే ముసలివాళ్లు కూర్చుంటారు, ఇస్త్రీ బండి నిలబడుతుంది, బడి నుంచి వచ్చిన పిల్లలు చదువుకుంటారు. మాకు ఫోన్ చేసిన సభ్యురాలు ఏటా రాలిన చింతకాయలు ఏరి, గింజ తీసి, ఇంటి ఖర్చుకు అమ్ముకుంటుంది. భూమి పత్రంలో వీళ్ల పేర్లు లేవు. చెట్టు పోతే అందరికంటే ముందు నష్టపోయేది మాత్రం వీళ్లే. ఎండ పెరిగితే ఏసీ పెట్టుకునేవారికి అది కరెంటు బిల్లు. రేకుల కింద ఉండేవారికి అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. చెట్ల విషయాన్ని తీరికున్నవాళ్ల సరదాగా కాకుండా సామాజిక న్యాయంగా చూడమని మేము అడిగేది ఇందుకే.

దీనికి మన సంఘంలోంచే గట్టి ఎదురు ప్రశ్న వచ్చింది. కదిరి వైపు నుంచి వచ్చి సెంట్రింగ్ పని చేసుకునే తమ్ముడు ఒకడు ఆరాధన అయ్యాక మమ్మల్ని ఆపి, "అయ్యగారూ, ఈ పని ఆగిపోతే మా కూలి మీరిస్తారా?" అని అడిగాడు. పాలమూరు, రాయలసీమ, రాయచూరు జిల్లాల నుంచి వచ్చిన ఎంతోమంది ఇలాంటి కట్టడాల మీదే బతుకుతున్నారు. ఈ నగరానికి ఇళ్లు కావాలి, వాళ్లకు పని కావాలి. ఆ ప్రశ్నను దాటేసి చెట్ల గురించి మాట్లాడితే మా మాటకు విలువ ఉండదు.

మేము ఆ తమ్ముడితోనే కూర్చుని ప్లాను కాగితం చూశాం. మాకు తెలియని సంగతి అతనే చూపించాడు. తోపులోని పెద్ద చెట్లలో చాలా వరకు హద్దు వెంబడే ఉన్నాయి. భవనం చుట్టూ చట్టప్రకారం ఖాళీగా వదలాల్సిన జాగాలోకే అవి వస్తాయి. అక్కడ గోడ కట్టరు. మరి వాటిని ఎందుకు కొట్టాలి? కింద రెండంతస్తుల కారు పార్కింగు కోసం. నేలమాళిగను దాదాపు హద్దు దాకా తవ్వుతారు, వేళ్లన్నీ తెగుతాయి. ఆ నేరేడుకు చోటు లేకుండా చేసింది కార్లు. తవ్వకాన్ని కొన్ని అడుగులు లోపలికి జరిపితే ఇళ్లు ఒక్కటీ తగ్గవు, కూలి ఒక్క రోజూ తగ్గదు. ఇలాంటి సంగతి ఆఫీసులో కూర్చుంటే తెలియదు. నేల మీద నిలబడి, పని తెలిసినవాడి చేయి పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

ఈ మాటే మేము అభ్యంతర పత్రంలో రాశాం. రాసింది మా ఆదివారపు బడి పిల్లలు. వాళ్లు కన్నడ మాధ్యమంలో చదివారు, మాకంటే మంచి కన్నడ రాస్తారు. నెల తర్వాత అనుమతి వచ్చింది. హద్దు వెంబడి 14 చెట్లు ఉంచాలన్నారు, నేరేడు అందులో ఉంది. మామిడి చెట్లన్నీ పోయాయి. చింత కూడా పోయింది. ఇది గెలుపని మేము చెప్పుకోవడం లేదు. వానలు మొదలయ్యాక వెళ్లి చూస్తే, ఉంచిన 14లో మూడింటి వేళ్లు తవ్వకంలో తెగి ఉన్నాయి, ఒకటి అప్పటికే పక్కకు వాలిపోయింది. కాగితం మీద బతికిన చెట్టు నేల మీద బతకాలంటే రెండో పరిశీలన కావాలి, మూడోదీ కావాలి. కొట్టిన చెట్లకు బదులు మొక్కలు నాటాలని అనుమతిలో షరతు పెట్టే అధికారం చట్టం ఇచ్చింది. ఆ మొక్కలు ఎక్కడ నాటారు, రెండో వేసవి దాటి ఎన్ని నిలిచాయి అని ఎవరైనా వెళ్లి చూస్తేనే ఆ షరతుకు అర్థం. ఇరవై కిలోమీటర్ల అవతల చెరువు గట్టున నాటిన జానెడు మొక్క ఈ కాలనీ పిల్లలకు నీడ ఇవ్వదన్న సంగతి కూడా మరచిపోకూడదు.

చట్టానికి పళ్లు లేవని కొందరంటారు. కొంతవరకు నిజమే. మన నగరాల్లో ఒక అపార్టుమెంటు చదరపు అడుగు అమ్మే ధర ముందు చట్టంలోని జరిమానా ఏపాటిది? కానీ న్యాయస్థానం పట్టించుకుంటే ఏమవుతుందో 2025 మార్చిలో చూశాం. ఉత్తరప్రదేశ్‌లో మథుర దగ్గర బృందావనంలో, తాజ్ రక్షిత ప్రాంతంలో, 2024 సెప్టెంబరులో 454 చెట్లు అనుమతి లేకుండా కొట్టేశారు. వాటిలో 422 ప్రైవేటు భూమిలోవే. చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది, అంటే నాలుగున్నర కోట్లకు పైగా. తగ్గించమని వేడుకున్నా తగ్గించలేదు. పోయిన పచ్చదనం తిరిగి రావడానికి కనీసం వందేళ్లు పడుతుందని గుర్తుచేసింది. పెద్ద సంఖ్యలో చెట్లను నరకడం మనిషిని చంపడం కంటే ఘోరమని కూడా అంది. ఆ పోలిక అతిగా తోచేవాళ్లుంటారు. ఒక్క మనిషి ప్రాణానికి సాటి లేదని మనమూ బోధిస్తాం. అయితే రేకుల కప్పుల కింద ఉన్న వంద కుటుంబాల నీడను ఒక్క రాత్రిలో తీసేసేవాడు ఎంతమంది ప్రాణాలతో ఆడుకుంటున్నాడో కూడా లెక్కపెట్టాలి. ఇన్ని చేసినా ఆ 454 చెట్లు తిరిగి లేవవు. పడిపోయాక వేసే జరిమానా కంటే పడకముందు వెళ్లి చూసే గంటసేపు విలువైనది.

మన సంఘాలకు మేము చెప్పదలచుకున్నది కష్టమైన పని కాదు. మీ పరిసరాల్లో తోపునో, పాత బంగళానో రేకులతో మూసేస్తుంటే అర్జీ పడిందా అని అడగండి. నోటితో చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. అర్జీ నకలు, మహజరు నకలు తీసుకోండి. వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లండి. చెట్టు చుట్టుకొలతను ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర కొలుస్తారు. రకం, కొలత, గూళ్లు, తొర్రలు, మొదట్లో గాట్లు రాసుకోండి, ఫొటో తీసుకోండి. కర్ణాటకలో నీలగిరి, సరుగుడు, సిల్వర్ ఓక్ వంటి కొన్ని రకాలకు అనుమతి అక్కర్లేదు. వాటికోసం గొడవపడి మాట పోగొట్టుకోవద్దు. మహారాష్ట్రలో ఉన్నవారికి 1975 నాటి పట్టణ వృక్ష చట్టం ఉంది. 2021 సవరణతో యాభై ఏళ్లు నిండిన చెట్టును వారసత్వ వృక్షంగా గుర్తించారు. అక్కడ చెట్టు వయసెంతో బదులు మొక్కలు అన్ని నాటాలి. ఆంధ్రప్రదేశ్‌లో మీ బంధువులున్న ఊళ్లకు 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తుంది. ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర చట్టం తెలుసుకోండి, అక్కడి భాషలోనే రాయండి. రంపం పట్టుకుని కొమ్మల మీదికి ఎక్కే కూలీకి తాడూ, తలకు టోపీ ఇచ్చారా అని కూడా చూడండి. అతనిని శత్రువుగా చూడకండి. చెట్టు పడితే ముందు నలిగేది అతనే. అధికారి మాట విననప్పుడు కోపంతో కాక కాగితంతో పై అధికారి దగ్గరకు వెళ్లండి.

వీటన్నిటికంటే ముందు మన ఆవరణలు. పాత మిషన్ కాంపౌండ్లలో వందేళ్ల నాటి చింతలు, నిద్రగన్నేర్లు, రావులు ఉన్నాయి. ఆ స్థలాలు కూడా ఇవాళ చేతులు మారుతున్నాయి, కట్టడాలకు సిద్ధమవుతున్నాయి. సంఘం పేరున ఉన్న భూమి కూడా ప్రైవేటు భూమే. అక్కడికి పరిశీలనకు ఎవరైనా వస్తే గేటు తెరిచి, కుర్చీ వేసి, నిజమైన లెక్క చూపించగలమా? నాబోతు ద్రాక్షతోట కథను అహాబు వైపు వేలు చూపిస్తూ చదువుతాం. కొన్నిసార్లు మన కమిటీ గది వైపు చూపిస్తూ కూడా చదవాలి.

వేప ఉన్న చోట ఇప్పుడు పందిరి స్తంభం ఉంది. దాన్ని తీసేయలేం. చేసిన పనిని సంబంధిత ఆఫీసుకు రాసి తెలియజేశాం. గేటు పక్కన రెండు వేపలు, రెండు కానుగలు నాటాం. పిల్లలు వంతులవారీగా నీళ్లు పోస్తున్నారు. ఒక కానుగ మొదటి ఎండకే చచ్చిపోతే దాని చోట మళ్లీ నాటాం. అవి మా తప్పుకు పరిహారమని అనుకోవడం లేదు. మాలి అడిగిన ఆ ఒక్క ఏడాదిని ఇలా మొదలుపెట్టామంతే.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక పది నిమిషాలు ఆగి, మీ మందిర ఆవరణలో చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసిపెట్టండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. రేపు ఏ గోడ వెనకైనా లెక్క తప్పితే, సరిచూడటం తెలిసినవాళ్లు మన మధ్య ఉంటారు.